రెండు ఈద్‌లు వచ్చిన సంవత్సరం

ఈజిప్టు రాజు తన కలకు భావమేమిటని మాత్రమే అడిగాడు. చెరసాలలో ఉన్న హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) భావం చెప్పి ఊరుకోలేదు. ఏడేళ్ల సమృద్ధి తరువాత ఏడేళ్ల కరువు రానున్నదన్నది అంచనా. తినడానికి కావలసినంత మినహా మిగిలిన ధాన్యాన్ని వెన్నులలోనే ఉంచి నిలవ చేయమన్నది ప్రణాళిక. రాజు అడగని ఈ రెండవ భాగమే కరువులో ప్రజలకు అన్నం పెట్టింది.

ఈ రెండింటినీ ఒకే బాధ్యతగా ఆధునిక నిర్వహణ శాస్త్రంలో నిలిపినవాడు ఫ్రెంచి గనుల ఇంజనీరు హెన్రీ ఫేయోల్. 1888లో దివాలా అంచున ఉన్న బొగ్గు, ఇనుము కంపెనీ పగ్గాలు చేపట్టి, దానిని నిలబెట్టి, మూడు దశాబ్దాలు నడిపాడు. 1916లో ప్రచురించిన గ్రంథంలో నిర్వాహకుని విధులు ఐదని చెప్పాడు. వాటిలో మొదటిదానికి ఆయన వాడిన ఫ్రెంచి మాటకు ముందుగా చూడటం, అందుకు సిద్ధపడటం అనే రెండు అర్థాలూ ఉన్నాయి.

ఇదంతా పెద్ద కంపెనీల సంగతిగా తోచవచ్చు. కాని హైదరాబాదు పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం నడిపేవారికి ఇది మరింత అవసరం. వారి ఏడాది సంపాదనలో పెద్ద భాగం రంజాన్ మాసంలోనే వస్తుంది. ఆ మాసమేమో ప్రతి సంవత్సరం పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. మన దేశంలో 2024లో ఈదుల్ ఫిత్ర్ ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న వచ్చాయి. అంటే 2024-25 ఆర్థిక సంవత్సరపు ఖాతాలో రెండు ఈద్‌ల అమ్మకాలు పడ్డాయి. మరుసటి ఏటి ఖాతాలో ఒకే ఈద్. నిరుటి మొత్తానికి పదోవంతు కలిపి అదే ఈ ఏటి అంచనా అనుకున్న యజమాని, అమ్ముడుపోని సరుకును అరువుపై తెచ్చుకున్నట్టే. పండుగ దాటాక టోకు వర్తకుడు బాకీ అడుగుతాడు. తీర్చేందుకు ఇంటి నగలు కుదువకు వెళతాయి.

అందుచేత అటువంటి వ్యాపారంలో హిజ్రీ లెక్క వేరుగా ఉండాలి. రంజాన్‌ను రంజాన్‌తోనే, చివరి పది రోజులను నిరుటి చివరి పది రోజులతోనే పోల్చాలి. ఋతువునూ చూడాలి. లెక్క ప్రకారం 2030లో రంజాన్ జనవరిలో ఒకసారి, డిసెంబరులో మరొకసారి మొదలవుతుంది. వేసవి ఉపవాసాలలో అమ్ముడైన పలుచని నూలు బట్టలు చలికాలపు ఈద్‌కు అంతగా పోవు. సరుకంతా ఒకేసారి తెప్పించక, సగం ముందు, మిగిలినది మొదటి రెండు వారాల అమ్మకం చూసి తెప్పించడం మేలు.

ఇలా లెక్కలు వేయడం తవక్కుల్‌కు విరుద్ధమని కొందరంటారు. ఆ వాదన సోమరితనానికి మతం ముసుగు వేయడమేనని నా అభిప్రాయం. ఇన్షా అల్లాహ్ అనేది లెక్క వేసిన తరువాత పలకవలసిన మాట, లెక్కకు బదులుగా పలికేది కాదు.

అయినా ఏ అంచనాకూ అందని రోజు ఒకటుంది. నెలవంక ఇరవై తొమ్మిదవ సాయంత్రం కనబడుతుందో లేదో ఎవరూ ముందుగా తేల్చలేరు. కనబడితే తెల్లవారేసరికి ఊరంతటికీ షీర్ ఖుర్మాకు పాలు కావాలి. కనబడకపోతే అన్ని పాలు మిగిలి విరిగిపోతాయి. అనుభవమున్న పాల వ్యాపారి జోస్యం చెప్పడు. కనబడితే ఇన్ని క్యాన్లు, లేకుంటే ఇన్ని అని డెయిరీకి రెండు లెక్కలూ ముందే చెప్పి ఉంచి, మగ్రిబ్ నమాజు కాగానే ఫోను చేస్తాడు.