పొడుగు కొసల పితలాటకం

"టెలోమియర్లు పెరిగితే ఆయుష్షు పెరుగుతుందట, ఆ మాత్రలు వాడొచ్చా?" అని ఒక పాఠకుడి ఉత్తరం. వద్దు అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు గానీ, దాని వెనక కథ చెప్పకుండా ఉండలేను.

క్రోమోజోమ్ కొసల్లో టీటీఏజీజీజీ అనే ఆరక్షరాలు వేలసార్లు వల్లెవేసినట్టుంటాయి. అదే టెలోమియర్. డీఎన్ఏకి నకలు తీసే ఎంజైమ్‌కి ఓ చాదస్తం. ముందుగా ఓ చిన్న తునక వేసిపెడితేగాని పని మొదలెట్టదు, నిచ్చెన ఆనిస్తేగాని సున్నం వెయ్యని మనిషిలాగా. నిచ్చెన తీశాక మిగిలిన చారని పక్క నిచ్చెన మీంచి చెయ్యి చాచి పూస్తాడు. గోడ చివర పక్క నిచ్చెన ఎక్కడుంది? ఆ చార అలాగే మిగిలిపోతుంది. అలా కణం విడివడ్డప్పుడల్లా కొస కాస్త తరుగుతుంది. మరీ పొట్టిదైతే కణం ఇక విభజన మానుకుంటుంది.

కణాలు ఇలా ఆగిపోతాయన్న సంగతి చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు, అలెక్సిస్ కారెల్ అనే వైద్యుడి పుణ్యమా అని. 1912లో కోడిపిండం గుండె కణాలను సీసాలో పెంచడం మొదలెట్టి, వాటికి చావు లేదన్నాడు. నోబెల్ అందుకున్న పెద్దమనిషిని కాదనేదెవరు? 1961లో హేఫ్లిక్, మూర్‌హెడ్ అనే శాస్త్రవేత్తలు మనిషి కణాలు సుమారు 50 విభజనలకు ఆగిపోతాయని చూపారు. కారెల్ సీసాలో పోసిన పిండరసంతోపాటు కొత్త కణాలూ చేరుతూ వచ్చాయేమోనని తర్వాతివాళ్ళ అనుమానం.

ఇక కొసలు పొడుగైతే ఏమవుతుందో ఊపిరితిత్తుల్లో చూద్దాం. కొసల్ని మళ్ళీ అతికే టెలోమరేజ్ అనే ఎంజైమ్‌లో ముఖ్యభాగాన్ని తయారుచేసే జన్యువు టెర్ట్, ఐదో క్రోమోజోమ్ మీద ఉంది. దాని దగ్గర డీఎన్ఏలో మనిషికీ మనిషికీ ఉండే అక్షరభేదాలకీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ లంకె 2008లో బయటపడింది. పొగ ముట్టని తూర్పు ఆసియా ఆడవాళ్ళలో వచ్చే అడినోకార్సినోమా అనే రకం క్యాన్సర్‌లో ఈ లంకె మరీ స్పష్టం. తమాషా ఏమిటంటే, ముప్పు పెంచే భేదాలు టెలోమియర్లను పొడిగించేవే! రోగుల నెత్తురులో కొసలు పొట్టిగా ఉన్నాయని అంతకుముందు కొందరు తలకిందులుగా చెప్పారు. జబ్బు వచ్చాక కొలిస్తే జబ్బు, మందులు చేసిన తరుగు కూడా కొలతలో కలుస్తుంది. అమ్మానాన్నల నుంచి వచ్చిన జన్యువుల్ని జబ్బు మార్చలేదు గనక, వాటి ద్వారా అంచనా కడితే లెక్క తారుమారైంది. పొడుగు కొసలున్న కణానికి మరిన్ని విభజనల గడువు దొరుకుతుంది. అంతసేపూ డీఎన్ఏలో పొరపాట్లు పోగుపడతాయి.

పోనీ పొట్టివే మేలా అంటే, అదీ కాదు. టెర్ట్ పాడైన కుటుంబాల్లో ఊపిరితిత్తులు పీచుకట్టి గట్టిపడే జబ్బు వస్తుందని 2007లోనే తేలింది. గుండెజబ్బు విషయంలో మాత్రం పొడుగువే కొంత నయం.

ఇవేవీ మాత్రలమ్మేవాళ్ళ కరపత్రాల్లో ఉండవు. నెత్తురు చుక్క తీసుకుని "మీ అసలు వయసు" చెప్తామనే పరీక్షలు కూడా ఆ కోవలోవే. ఇంతకీ టెర్ట్ దగ్గరి ఆ అక్షరభేదాలు ఒక్కోటీ పెంచే క్యాన్సర్ ముప్పు కొద్దిపాటిది, చుట్ట, బీడీ, సిగరెట్టు పెంచేదాని ముందు అది ఏమూలకీ రాదు.