హైదరాబాదునుండి చికాగోకు: దూరమును కాలమును

మా విద్యార్థి యొకని అన్న చదువునకై చికాగోకు పయనమాయెను. విమానము పగలు ఒంటిగంటకు బయలుదేరి అదే దినము సాయంకాలము ఆరింటికి చేరునని టిక్కెట్టులో నుండెను. ఆరు దాటినను కబురు రాకపోగా వారి నాయనమ్మ అన్నము ముట్టక రాత్రియెల్ల ఫోను చెంత కూర్చుండెను. తెల్లవారుజామున గాని క్షేమవార్త వినబడలేదు. విమానము ఆలస్యము కాలేదు. లెక్క తెలియకపోవుటయే ఆమె దుఃఖమునకు కారణము. కావున, విద్యార్థులారా, ఆ లెక్కను నేర్చుకొందము.

మొదట దూరము. వికారాబాదునుండి తాండూరునకు రైలుమార్గము సుమారు 40 కిలోమీటర్లు. హైదరాబాదునుండి చికాగోకు సుమారు 13,300 కిలోమీటర్లు. అనగా తాండూరునకు మూడువందల ముప్పదిసార్లు పోయినంత. గోడపటముపై తిన్నగా గీచిన గీతవెంట పడమరకు పోయినచో దూరము 16,000 కిలోమీటర్లు దాటును. పాఠశాలలోని గ్లోబుపై ఈ రెండు నగరములకు నడుమ నొక దారమును బిగించి చూడుడు. అది పడమరకు గాక ఉత్తరమునకు సాగి, ధ్రువప్రాంతముమీదుగా చికాగోకు దిగును. గుండ్రని భూమిపై అదియే దగ్గరి దారి.

ఇక కాలము. పెద్ద విమానము గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోవును. భాగించినచో పదునైదు గంటలకు కొంచెము తక్కువ వచ్చును. కాని ఎక్కుటకును దిగుటకును వేగము తగ్గును, ఎదురుగాలి యడ్డగించును, దారియు ఒకింత వంకరపోవును. 2021వ సంవత్సరము జనవరిలో ఎయిర్ ఇండియావారు ఈ నగరముల నడుమ ఎచ్చటను దిగని విమానమును ప్రారంభించినప్పుడు, పోవు ప్రయాణమునకు పదునారు గంటలకు పైగా పట్టుచుండెను.

దుబాయిలో విమానము మారి పోయినచో దూరము దాదాపు 900 కిలోమీటర్లు మాత్రమే హెచ్చును. అది యొక గంట ప్రయాణము. అయినను మొత్తము కాలము పెక్కు గంటలు పెరుగును. వికారాబాదు జంక్షనులో దిగి బీదరు బండికై కాచుకొనినవారికి దీని కారణము వేరుగ చెప్పనక్కరలేదు.

మరి నాయనమ్మగారి లెక్క యెక్కడ తప్పెను? చలికాలమున చికాగో గడియారము మనకంటె పదునొకండున్నర గంటలు వెనుకబడి యుండును. వేసవిలో పదిన్నర గంటలు. మనకు పగలు ఒంటిగంట యైనప్పుడు అచ్చట అప్పుడే రాత్రి ఒకటిన్నర. దానికి పదునారున్నర గంటలు కూడిన అచ్చట సాయంకాలము ఆరు. మనకు మరునాటి యుదయము అయిదున్నర. టిక్కెట్టులో బయలుదేరు వేళ ఈ ఊరి గడియారము ప్రకారమును, చేరు వేళ ఆ ఊరి గడియారము ప్రకారమును వ్రాయబడును.

మీ యింటినుండి ఎవరైనను దూరదేశమునకు పోవునప్పుడు, చేరు వేళను మన గడియారమునకు మార్చి కాగితముపై వ్రాసి పెద్దలచేతికిండు. ఆ రాత్రి వారు నిశ్చింతగా నిద్రింతురు.