మూల సాగితే కోడిగుడ్డే!

ఫోన్‌లో ఏదైనా గేమ్ తెరవండి. స్కోరు చూపించే పెట్టె, 'మళ్లీ ఆడతారా?' అని అడిగే విండో... చాలావాటికి మూలలు గుండ్రంగానే ఉంటాయి. ఇందులో ఏముంది, ఒక బొమ్మ గీసి పెట్టేస్తే పోలా అనిపిస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నా.

మా గేమ్ ఇంగ్లిష్‌లో బాగానే ఉంది. తెలుగు పెట్టాక చిక్కొచ్చింది. 'ఎగ్జిట్' అన్న చిన్న మాట 'ఆట నుంచి బయటకు వెళ్లండి' అయింది. అది పట్టడానికి విండోని పొడుగ్గా లాగాను. మర్నాడే డెమో. మా లీడ్ వచ్చి చూసి, "ఏంట్రా, మూలలు కోడిగుడ్లలా ఉన్నాయ్?" అన్నాడు.

"గుండ్రం ఎందుకన్నా, మామూలు చతురస్రం మూలలు పెట్టేద్దాం" అన్నాను. నవ్వి ఓ కథ చెప్పాడు. 1981లో, యాపిల్‌లో మాకింతోష్ తయారవుతున్న రోజులు. గుండ్రటి మూలల పెట్టెలు కావాలని స్టీవ్ జాబ్స్ అడిగితే, అవసరం లేదన్నాడట ప్రోగ్రామర్ బిల్ అట్కిన్సన్. జాబ్స్ ఆయన్ని బయటికి తీసుకెళ్లి, నో పార్కింగ్ బోర్డుతో సహా కనిపించిన గుండ్రటి మూలలన్నీ చూపించాడట. మర్నాటి మధ్యాహ్నానికల్లా అట్కిన్సన్ కోడ్ రాసుకొచ్చేశాడు! అక్కడే పనిచేసిన ఆండీ హెర్ట్‌జ్‌ఫెల్డ్ ఈ సంగతి రాశారు.

ఇక నాకు తప్పించుకునే దారి లేదు. లెక్క చూసుకున్నా. నా బొమ్మ 48 పిక్సెళ్ల వెడల్పు, 48 ఎత్తు. ఒక్కో మూల 16 పిక్సెళ్లు. దాన్ని 480 వెడల్పు, 96 ఎత్తుకి లాగితే మూల కూడా 160 వెడల్పు, 32 ఎత్తు అయిపోయింది. గుండ్రం ఎలా మిగులుతుంది?

దీనికి మందు 'నైన్ స్లైస్'. ఆండ్రాయిడ్‌లో 'నైన్ ప్యాచ్' అంటారు. యూనిటీలాంటి గేమ్ ఇంజిన్లలో ఈ సదుపాయం ముందే ఉంటుంది. నాలుగు మూలల్లో పువ్వులు, చుట్టూ అంచు ఉన్న దుప్పటిని ఊహించుకోండి. దాన్ని పెద్దది చేయాలంటే పువ్వుల్ని లాగం కదా, మధ్యలో గుడ్డ కలుపుతాం. ఇదీ అంతే. బొమ్మ మీద రెండు అడ్డగీతలు, రెండు నిలువుగీతలు గీస్తే తొమ్మిది ముక్కలు. మూలల్ని అసలు ముట్టుకోం. పైన, కింద అంచులు అడ్డంగానే సాగుతాయి. పక్క అంచులు నిలువుగానే. మధ్య ముక్క రెండువైపులా సాగుతుంది. మా విండోలో మధ్య ముక్క 448 వెడల్పు, 64 ఎత్తు అయింది. మూలలు మాత్రం అదే 16.

హమ్మయ్య అనుకునేలోపు ఇంకోటి. '+5' చూపించే బుల్లి పెట్టె వెడల్పు 24 పిక్సెళ్లే. రెండు మూలలకే 32 కావాలి. ఒకదానిమీదొకటి ఎక్కేశాయి. 32 కంటే తగ్గకూడదని నియమం పెట్టాక గానీ కుదరలేదు.

డెమోలో ఆ మూలల గురించి ఒక్కరూ మాట్లాడలేదు. మా లీడ్ మాత్రం నా వైపు చూసి బొటనవేలు పైకెత్తాడు. ఆ ఒక్కటీ చాలనిపించింది. ఈసారి గేమ్ ఆడేటప్పుడు ఏదైనా విండో మూల కోడిగుడ్డులా కనిపిస్తే, ఎవరు ఏం మర్చిపోయారో మీకిప్పుడు తెలుసు!