నాగటి కఱ్ఱు ఎందుకు విఱిగినది?



దుక్కి అదనున నాగటి కఱ్ఱు విఱిగినచో రైతు ఆ ముక్కను చేతబట్టి కొలిమికి పోవును. "ఇనుములోనే పస లేదు మామా" అని కమ్మరి అనును. "ఇనుము నాడిపోసికొనకుము అల్లుడా, నీవు కాక తప్పించితివి" అని రైతు అనును. అదను దాటిపోవుచుండును, తగవు మాత్రము తీఱదు. ఇద్దఱి మాటలోను కొంత నిజము కలదు. లోహము యొక్క గుణము దానిలో కలిసిన పదార్థములవలన కొంతయు, అది వేడెక్కి చల్లాఱిన తీరువలన కొంతయు ఏర్పడును. ఈ రెండవ సంగతిని గూర్చి మనవి చేయుటకే నేడు మీ యెదుటికి వచ్చితిని.

మొదట ఇనుమునకును ఉక్కునకును గల భేదము చెప్పెదను. ఆ భేదమంతయు బొగ్గులోని సారమగు కర్బనములో నున్నది. మెత్తని ఇనుములో కర్బనము మిక్కిలి స్వల్పము. ఉక్కులో అది నూటికి రెండు పాళ్లు మించదు. పోతయినుములో మూడు, నాలుగు పాళ్ల వఱకు ఉండును. స్వచ్ఛమైన ఇనుము సెంటిగ్రేడు మానమున 1538 డిగ్రీల వేడిమిలో గాని కరగదు. పోతయినుమో సుమారు 1150 డిగ్రీలకే కరగనారంభించును. పూర్వపు కొలుములలో తిత్తిగాలికి ఇనుము కరగి పాఱక, చిట్టెముతో కూడిన ముద్దగా మాత్రమే దిగివచ్చుటకు కారణమిదియే. ఆ ముద్దను ఎఱ్ఱగా నున్నపుడే సుత్తితో మోది మన కమ్మరులు చిట్టెమును వెడలగొట్టెడివారు.

మంచు ఒక్క వేడిమి దగ్గఱనే నీరగును. మిశ్రలోహములు సాధారణముగా అట్లు గావు. ఒక వేడిమిలో కరగనారంభించి, మఱి కొంత వేడెక్కిన పిదపగాని పూర్తిగా ద్రవము గావు. నడుమ గంజిలో మెతుకులవలె కొంత గట్టిగను కొంత పలుచగను ఉండును. చల్లాఱునపుడు మొదట గట్టిపడునది శుభ్రమైన భాగము. మలినములు కడవఱకు ద్రవములోనే తేలియాడి, తుదకు లోహపు రవల సందులలో చేరి నిలుచును.

ఈ మలినములలో గంధకము చెడ్డది. ఇనుముతో కలిసి అది సందులలో పలుచని పొరగా ఏర్పడును. ఆ పొర వెయ్యి డిగ్రీలు నిండకమునుపే కరగిపోవును. ఇటుకలు గట్టివైనను నడుమ అడుసు జాఱినచో గోడ నిలువదు గదా! అట్లే అట్టి ఉక్కు ఎఱ్ఱగా కాలినపుడు సుత్తిదెబ్బకు పగిలిపోవును. 1856లో హెన్రీ బెస్సెమరు అను ఆంగ్లేయుడు కరగిన పోతయినుములోనికి గాలి నూది ఉక్కు చేయు విధమును లోకమునకు వెల్లడించినపుడు, కొందఱు తయారుచేసిన ఉక్కు ఇట్లే చెడినది. మాంగనీసు కలిపినచో అది గంధకమును తనవైపు లాగికొని, సులభముగా కరగని మఱియొక రూపమున బంధించును. ఆ ఉపాయమును ఆ కాలమున రాబర్టు మషెటు చూపెను. భాస్వరము దోషము వేఱు. అది హెచ్చినచో ఉక్కు చల్లగా నున్నపుడు పెళుసగును.

ఇక పోతపని సంగతి. అచ్చులో పోసిన ఉక్కునకు మూడు గండములు కలవు. మొదటిది వాయువు. కరగిన ఉక్కులోని ప్రాణవాయువు కర్బనముతో కలిసి పొంగి, అట్టుమీది కన్నములవలె లోపల బుడగలను నిలుపును. పోయుటకు ముందు కొంచెము అల్యూమినియము గాని సిలికాను గాని వేసినచో అవి ఆ ప్రాణవాయువును గ్రహించి ఉక్కును నిమ్మళింపజేయును.

రెండవది కుదించుట. బండిచక్రమునకు ఇనుప పట్టా ఎక్కించుట మీరెఱిగినదే. కాల్చిన పట్టా సాగి చక్రముపై సులభముగా కూర్చుండును. నీరు చల్లగానే బిగిసి కఱ్ఱను ఒడిసిపట్టును. పోతలోను అంతే. గట్టిపడిన పిదప ఉక్కు అడుగునకు సుమారు పావు అంగుళము కుదించుకొనును. పోతయినుము అందులో సగము. కావున అచ్చును ఆ మేరకు పెద్దదిగా చేయుదురు. వస్తువు ఒకచోట పలుచగను ఒకచోట దళసరిగను ఉన్నచో పలుచని చోటు ముందు గట్టిపడి, ఇంకను మెత్తగా నున్న దళసరి చోటును లాగును. ఆ లాగుడువలన బీట పుట్టును. కుదించునపుడు లోపల డొల్ల పడకుండుటకై అచ్చుపైన అదనపు లోహమును నిలిపి ఉంచుదురు. అది దిగువకు జాఱి కొఱతను పూరించును.

మూడవ గండము ప్రాణములతో కూడినది. అది తడి. నీరు ఆవిరియగునపుడు సుమారు 1700 రెట్లు విస్తరించును. కరగిన లోహముక్రింద గరిటెడు నీరు చిక్కినను అది ఫిరంగివలె ప్రేలి లోహమును మనుష్యులపై చిమ్మును. అందువలననే పోతశాలలో తడిసిన తుక్కును మూసలో వేయరు; గరిటెలను సైతము కాచి ఆఱబెట్టి గాని వాడరు.

విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారము 1992లో జాతికి అంకితమైనది. అందు ఉక్కును విడివిడి దిమ్మెలుగా పోయుటకు బదులు, నీటితో చల్లబఱచు రాగి అచ్చునుండి ఎడతెగని కడ్డీగా దింపు పద్ధతిని అమర్చిరి. అచ్చు విడుచునపుడు కడ్డీకి పైతోలు మాత్రమే గట్టిపడియుండును, గర్భమింకను ద్రవమే. ఆ తోలు చినిగెనా, లోపలి ఉక్కంతయు బయటికి పాఱును. యంత్రములెంత పెద్దవైనను అక్కడి కష్టమును మన కమ్మరి కష్టమును ఒక్కటే: ఎంత వేడిమిలో, ఎంత త్వరగా చల్లార్చవలెను?

ఉక్కును సుమారు 730 డిగ్రీలు దాటునట్లు కాల్చినపుడు దాని లోపలి అమరిక మాఱి, కర్బనమంతయు ఇనుములో లీనమగును. మెల్లగా చల్లార్చినచో కర్బనము వేఱుపడి ఉక్కు మెత్తనగును. తటాలున ముంచినచో కర్బనము వెలికి రాలేక లోపలనే చిక్కుకొని, ఉక్కు మిక్కిలి గట్టిదై గాజువలె పెళుసగును. అందుచేత ముంచిన పిదప మఱల కొంచెము కాచవలెను. మెఱుగుపెట్టిన చోట ఎండుగడ్డి రంగు వచ్చునపుడు వేడిమి సుమారు 230 డిగ్రీలు. నీలిరంగు వచ్చునపుడు సుమారు 300. కత్తికి గడ్డిరంగు చాలును. దెబ్బకు ఓర్వవలసిన పనిముట్టునకు నీలిరంగు మేలు.

అతిగా కాల్చుట మఱియొక దోషము. తెల్లని వేడిలో చాలసేపు ఉంచినచో రవలు పెరిగి ఉక్కు బలహీనమగును. ఇంతవఱకైన సరిగా మఱల కాల్చి బాగుచేయవచ్చును. నిప్పురవ్వలు చిమ్ము వఱకు కాల్చినచో రవల సందులలోనికి గాలి చొఱబడి ఉక్కు మాడిపోవును. దానికి చికిత్స లేదు.

ఈ మర్మము మన దేశమునకు క్రొత్త గాదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో ఉక్కును కరగించెడివారు. వాయిజీ అను ఆంగ్లేయుడు ఆ పనిని కన్నులార చూచి వ్రాసినది 1832లో కలకత్తాలో అచ్చయినది. రెండు చోట్ల ఇనుములను కలిపి మూసలో పెట్టి, దీర్ఘకాలము నిప్పులో ఉంచి, మెల్లగా చల్లార్చి, ఆపైన ఆ బిళ్లలకు మట్టి మెత్తి మఱల మఱల కాచి మెత్తబఱచెడివారు. పారసీక వర్తకులు దానిని కొనిపోయెడివారు. దక్షిణదేశపు ఈ జాతి ఉక్కులో కర్బనము నూటికి సుమారు ఒకటిన్నర పాళ్లు. మెత్తని ఇనుమువలె తెల్లని వేడిలో దీనిని మోదినచో తునకలగును. ఎఱ్ఱని వేడిలో ఓర్పుతో సాగగొట్టినచో పేరుపొందిన ఖడ్గమగును. ఆ మెలకువ తెలియని పాశ్చాత్యులు కొందఱు మంచి ఉక్కునే చెడ్డదనిరి. తరువాత యంత్రపు ఉక్కు చౌకగా వచ్చి ఆ కొలుములు చల్లాఱినవి. పనివారి చేతిలోని విద్య పెక్కు వారితోనే పోయినది.

ఒకే సూత్రము అన్ని లోహములకును చెల్లదని కంచు చెప్పును. నూటికి ఇరువది పాళ్లకు మించి తగరమున్న కంచు మెల్లగా చల్లాఱినచో పెళుసగును. ఎఱ్ఱగా కాల్చి నీట ముంచినచో పెళుసుదనము తగ్గి దెబ్బకు ఓర్చును. ఉక్కునకు సరిగా ఎదురు! కంచరి నేర్పు కమ్మరికి పనికిరాదు.

ఇప్పుడు మన తగవునకు వత్తము. విఱిగిన చోటును వెలుతురులో చూడుడు. రవలు పెద్దవై చక్కెరవలె మెఱయుచున్నచో ఉక్కు మితిమీఱి కాలినది. అంచున త్రుప్పు పట్టిన పాతబీట కనబడినచో అది మునుపే పగిలియున్నది. సన్నని రవలతో బూడిదరంగుననున్నచో ఉక్కు మంచిదే. పదను హెచ్చియైనను, రాయి తగిలియైనను విఱిగియుండును. మఱియొక మాట. నేడు కమ్మరులు తఱచుగా పాత లారీ కమానుపట్టీలతో పనిముట్లు చేయుచున్నారు. అది పూర్వపు మెత్తని ఇనుము గాదు; ఇతర ధాతువులు కలిసిన ఉక్కు. దానిని తాతలనాటి అలవాటున నీటిలో ముంచినచో బీటలువాఱవచ్చును. అట్టిదానికి నూనె మేలు. కమ్మరియొద్ద అయస్కాంతమొకటి ఉండుట మంచిది. కాలుచున్న ఉక్కు దానికి అంటుట మానిన పిదప మఱికొంచెము కాల్చి ముంచవలెను, అంతకు మించి కాల్చరాదు.

కావున ఈసారి కఱ్ఱు విఱిగినపుడు ఒకరినొకరు నిందించుకొనక, ఆ ముక్కను నడుమ పెట్టుకొని ఇద్దఱును చూడుడు. మీ యూరి ముసలి కమ్మరి ఏ రంగున ముంచునో, ఎందులో ముంచునో అడిగి పిల్లలచేత వ్రాయింపుడు. కోనసముద్రపు పనివారిని అడిగి వ్రాసికొన్న మనవారు ఎందఱుండిరి? మనకు ఇంకను అడుగుటకు మనుష్యులున్నారు.