గుండె దాచుకొను లోటు

మనుష్యుడు పరుండినవాడు లేచి నిలుచున్నప్పుడెల్ల అర లీటరునకు పైగా రక్తము ఛాతీనుండి పొట్టకును, కాళ్లకును జారును. గుండెయు, నాళములును వెంటనే సర్దుకొనును గనుక ఆ సంగతి మనకు తెలియదు. ఈ సర్దుబాటును కొలుచుటకే శాస్త్రజ్ఞులు ఒక వింత పెట్టెను కల్పించిరి.

మనిషిని వెల్లకిల పరుండబెట్టి, నడుమువరకు పెట్టెలో ఉంచి, గాలి చొరకుండ నడుముచుట్టు రబ్బరు పట్టీ బిగింతురు. పిదప పంపుతో లోపలి గాలిని కొంత తోడివేయుదురు. అంతట రక్తము తుంటిలోని, కాళ్లలోని సిరలలోనికి లాగుకొనిపోవును. ఒక్క చుక్కయు నేలపాలు కాదు. అయినను గుండెకు మాత్రము రక్తము పోయినట్లే.

గుండెకు తిరిగివచ్చు రక్తము తగ్గగా, ఒక్కొక్క స్పందనమున అది వెలువరించునదియు తగ్గును. మెడలోని ధమనులయందును, బృహద్ధమని వంపునందును గల నాడీతంతువులు ఈ లోటును పసిగట్టి మెదడునకు తెలుపును. నాళములు ముడుచుకొనును, గుండె వేగము హెచ్చును. రక్తపుపోటు మాత్రము చాలసేపు ఇంచుమించు యథాప్రకారముగానే ఉండును. ఆదాయము తగ్గిన గృహస్థు అప్పులు చేసి ఇంటి పరువు నిలుపుకొన్నట్లే ఇదియు. అప్పు పుట్టని దినము వచ్చినంతనే పోటు హఠాత్తుగా కూలును, నాడి మందగించును, ముఖము పాలిపోయి, చెమటలు పట్టి, స్పృహ తప్పబోవును. పంపు ఆపి గాలి విడిచినచో మనిషి త్వరలోనే తేరుకొనును.

1973-74లో అమెరికావారి స్కైలాబ్ అంతరిక్షశాలలో మూడు బృందములవారు వరుసగా 28, 59, 84 దినములు గడపి, అచ్చటనే ఈ పరీక్షకు లోనైరి. భారరహితస్థితిలో రక్తము కాళ్లకు దిగదు. శరీరము రక్తములోని ద్రవమును కొంత తగ్గించుకొనును. అందుచేత భూమిపై సులభముగా ఓర్చుకొన్న ఆకర్షణకే అచ్చట వారి గుండెలు మరింత వేగముగా కొట్టుకొన్నవి. కొన్ని పరీక్షలను నడుమనే ఆపవలసివచ్చెను. రష్యను వ్యోమగాములు భూమికి మరలుటకు ముందు ‘చిబిస్’ అను ఇట్టి సాధనమునే తొడుగుకొని, నిలుచుటకు గుండెను మరల అలవాటు చేయుదురు.

భూమిపై ఈ పెట్టె నేర్పు పాఠము మరింత విలువైనది. గాయపడి నెత్తురు కోల్పోవువానియందును శరీరము ఈ ఉపాయమునే పన్నును. కావున రక్తపుపోటు సరిగా ఉన్నదని మాత్రమే ధైర్యపడరాదు. నాడి వడి, ముఖవర్ణము, చేతుల చల్లదనము పరికింపవలెను. పోటు పడిపోవునప్పటికి గుండె తన శక్తినంతయు వ్యయము చేసికొనియే ఉండును.