అక్షరాల నుంచి పదాల అన్వేషణ: ఆంగ్ల వర్ణక్రమ అభ్యసనానికి నర్సంపేట ఉదాహరణ

1. ప్రవేశిక:

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 విద్యాసంవత్సరం నుంచి 1 నుంచి 8 తరగతులకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టబడింది. ఒకవైపు తెలుగు, మరొకవైపు ఆంగ్లం ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు అందుబాటులోకి వచ్చాయి. వరంగల్ జిల్లాలోని నర్సంపేట వంటి వ్యవసాయ ప్రాంతాల్లో, ఇంట తెలుగో లంబాడీయో మాట్లాడే విద్యార్థికి ఈ మార్పులో ఎదురయ్యే తొలి ఆటంకం వర్ణక్రమం. దానిని కంఠస్థం చేయడమే మార్గమన్న భావన బలంగా ఉంది. ఇచ్చిన అక్షరాల నుంచి ఆంగ్లపదాలను వెతికే పద్ధతి ఈ ఆటంకాన్ని దాటడానికి ఎలా తోడ్పడుతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. సమస్య స్వరూపం:

తెలుగులో ఉచ్చారణకూ రాతకూ దగ్గరి సంబంధం ఉంది. విన్నది విన్నట్లు రాయవచ్చు. ఆంగ్లంలో 26 అక్షరాలే సుమారు 44 ధ్వనులను మోయవలసి ఉంటుంది. అందువల్ల 'మాస్టర్' అన్న మాటను చెవితో విన్న విద్యార్థికి చివరి అచ్చు 'ఈ' అక్షరమని తెలియదు. 'ఏ' రాసినా అతని తర్కంలో తప్పు లేదు. ఇది బుద్ధిలోపం కాదు. రెండు లిపుల స్వభావభేదం. ధ్వని నుంచి అక్షరాన్ని విడదీసి చూడటం ఇక్కడ అలవడవలసిన నైపుణ్యం.

3. అన్వేషణలో మూడు రకాలు:

పదాన్వేషణ ప్రశ్నలు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది, ఇచ్చిన అక్షరాలతో మాత్రమే ఏర్పడే పదాలు. రెండవది, ఇచ్చిన అక్షరాలన్నీ ఎక్కడో ఒకచోట ఉండి, ఇతర అక్షరాలు కూడా ఉండగల పదాలు. మూడవది, ఇచ్చిన అక్షరాలు అదే వరుసలో పక్కపక్కనే ఉండే పదాలు. ఉదాహరణకు ఎస్, టి, ఆర్ అక్షరాలను తీసుకుంటే 'మాస్టర్' రెండవ రకానికి చెందుతుంది. 'స్ట్రీట్', 'స్ట్రాంగ్' మూడవ రకానికీ సరిపోతాయి. ప్రశ్న ఏ రకానిదో తేల్చుకోకుండా వెతకడం వృథాశ్రమ.

4. నర్సంపేట పేరుతో అన్వయం:

ఆంగ్లంలో ఈ ఊరి పేరు తొమ్మిది అక్షరాలు: ఎన్, ఏ, ఆర్, ఎస్, ఏ, ఎం, పి, ఈ, టి. వీటిని అన్ని విధాలా మార్చి రాస్తే 1,81,440 వరుసలు వస్తాయి. అన్నింటినీ పరీక్షించడం అసాధ్యం కనుక క్రమపద్ధతి అవసరం.

ముందుగా అచ్చులను, హల్లులను వేరు చేయాలి. ఇక్కడ అచ్చులు మూడు, హల్లులు ఆరు. తరువాత ఆంగ్లంలో తరచుగా కనిపించే పదాంతాలను గుర్తించాలి. 'ఈ-ఎన్-టి' అంతం నుంచి 'పేరెంట్', 'ఈ-ఆర్' అంతం నుంచి 'మాస్టర్', 'ఏ-ఎన్-టి' అంతం నుంచి 'పెజంట్' లభిస్తాయి. చివరి పదానికి అర్థం రైతు. దీని ఉచ్చారణలో జకారం వినిపిస్తుంది, రాతలో ఎస్ ఉంటుంది. ఎకారం వినిపిస్తుంది, రాతలో ఈ, ఏ రెండూ ఉంటాయి. చెవికి అందని ఈ వర్ణక్రమం అక్షరాలను పేర్చేటప్పుడు కంటికి అందుతుంది.

చివరగా లెక్క సరిచూడాలి. 'అపార్ట్‌మెంట్' పదంలోని అక్షరాలన్నీ నర్సంపేటలో ఉన్నట్లే కనిపిస్తాయి. కానీ ఆ పదానికి టి రెండుసార్లు కావాలి, ఇక్కడ ఒకటే ఉంది. అక్షరం ఉన్నదా అన్నది ఒక ప్రశ్న, ఎన్నిసార్లు ఉన్నదన్నది మరొక ప్రశ్న.

5. యంత్రం అనుసరించే మార్గం:

కంప్యూటర్ ప్రతి పదంలోని అక్షరాలను అకారాది క్రమంలో పేర్చి గుర్తుగా భద్రపరుస్తుంది. 'మాస్టర్', 'స్ట్రీమ్' రెండింటికీ ఏ, ఈ, ఎం, ఆర్, ఎస్, టి అన్న ఒకే గుర్తు వస్తుంది. ఉచ్చారణలో దూరమైన ఈ పదాలు అక్షరాల్లో ఒకటే. రెండవ రకం ప్రశ్నలకు అరుదైన అక్షరంతో మొదలుపెట్టడం లాభం. క్యూ, జెడ్ వంటివి ఉన్న పదాలు తక్కువ. స్క్రాబుల్ క్రీడను రూపొందించిన ఆల్‌ఫ్రెడ్ బట్స్ ఈ తేడాను పరిగణించే 'ఈ' అక్షరానికి 12 బిళ్లలు, క్యూ, జెడ్‌లకు ఒక్కొక్కటి కేటాయించాడు.

6. తెలుగు సంప్రదాయంతో పోలిక:

అక్షరనియమం తెలుగువారికి కొత్త కాదు. అవధానంలో న్యస్తాక్షరి నిర్ణీత స్థానంలో నిర్ణీతాక్షరాన్ని కోరుతుంది. నిషిద్ధాక్షరి అక్షరాన్ని నిషేధిస్తుంది. మరింగంటి సింగరాచార్యుల 'దశరథరాజనందన చరిత్ర' పెదవులతో పలికే అక్షరాలు లేని నిరోష్ఠ్య కావ్యం. దాని పేరులోనే ఆ నియమం కనిపిస్తుంది. అయితే ప్రమాణం వేరు. 'నర్సంపేట' చదువరికి నాలుగు అక్షరాలు. యూనికోడ్‌లో ఎనిమిది సంకేతాలు. కనుక ఆంగ్లపద్ధతిని తెలుగుకు అన్వయించేటప్పుడు 'ర్సం' అన్నదాన్ని విడదీయకుండా ఒకే అక్షరంగా లెక్కించడం సంప్రదాయానుగుణం.

7. ముగింపు:

ఈ అన్వేషణ పదం రూపాన్ని నేర్పుతుంది, అర్థాన్ని నేర్పదు. దొరికిన ప్రతి పదాన్ని నిఘంటువులో చూసి వాక్యంలో ప్రయోగించినప్పుడే అభ్యసనం పూర్తవుతుంది. దీనికి కావలసింది నల్లబల్ల, సుద్దముక్క, తెలిసిన ఊరి పేరు. ఆంగ్లంలో తాను రాసింది తప్పని మాత్రమే విన్న విద్యార్థి, ఎందుకు తప్పో స్వయంగా లెక్కించి తెలుసుకోగలగడం ఈ పద్ధతి ప్రయోజనం.