పాత కారు ఏసీకి పార్టులు కొనేటప్పుడు

ఎండాకాలం వచ్చింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో కారు ఎక్కితే పెనం మీద కూర్చున్నట్టే ఉంటుంది.

మన ఊళ్లలో పాత కారే బతుకుతెరువు అయిన ఇళ్లు ఉన్నాయి. సంఘంలో అప్పు తీసుకుంటారు. పాత ఇండికానో, ఓమ్నీనో, అంబాసిడరో కొంటారు. భర్తో, కొడుకో టాక్సీ నడుపుతాడు. పెళ్లిళ్లకి, ఆసుపత్రికి, రైలు స్టేషనుకి బాడుగలు వస్తాయి. నెల తిరిగేసరికి వాయిదా కట్టాలి. ఏసీ పని చెయ్యకపోతే ఎండాకాలంలో బాడుగ రాదు. పురిటికి వెళ్లే పిల్లని ఆ వేడి కార్లో ఎక్కించడానికి ఎవరికి మనసొప్పుతుంది?

అందుకే ఏసీని బాగు చేయించాలి. షెడ్డుకి వెళ్లేది మగవాళ్లే కావచ్చు. డబ్బు మాత్రం ఇంటిది, అప్పు మీ పేరు మీదిది. కాబట్టి ఈ సంగతి మీకూ తెలియాలి.

ఏసీ ఎలా పని చేస్తుంది?

కొత్త కుండలో నీళ్లు ఎందుకు చల్లగా ఉంటాయి? కుండ గోడలోంచి నీరు కొద్దికొద్దిగా ఊరుతుంది. ఆవిరైపోతుంది. ఆవిరయ్యేటప్పుడు లోపలి నీళ్లలోని వేడిని తీసుకుపోతుంది. ఏసీలోనూ జరిగేది ఇదే. అక్కడ నీటికి బదులు ఒక గ్యాసు ఉంటుంది. అది బయటికి పోదు. గొట్టాల్లో చుట్టూ తిరుగుతూ ఉంటుంది.

ఇంజను పక్కన కంప్రెసర్ ఉంటుంది. బెల్టు దాన్ని తిప్పుతుంది. అది గ్యాసుని గట్టిగా నొక్కుతుంది. నొక్కితే గ్యాసు వేడెక్కుతుంది. ఆ వేడి గ్యాసు కారు ముందు ఉండే కండెన్సర్‌లోకి వెళ్తుంది. అది జల్లెడలాంటి రేకుల పలక. అక్కడ గాలి తగిలి వేడి పోతుంది. గ్యాసు ద్రవం అవుతుంది. తర్వాత డ్రైయర్ అనే చిన్న డబ్బాలోంచి వెళ్తుంది. డ్రైయర్ తేమను పీల్చేస్తుంది. ఆపైన ఎక్స్‌పాన్షన్ వాల్వ్ అనే సన్నని దారి. అది దాటగానే ద్రవం ఒక్కసారిగా ఆవిరవుతుంది, మంచులా చల్లబడుతుంది. ఈ చల్లదనం డాష్‌బోర్డు లోపల ఉండే కూలింగ్ కాయిల్‌కి చేరుతుంది. ఫ్యాను ఆ కాయిల్ మీంచి గాలి ఊదుతుంది. మనకి చల్లగాలి వస్తుంది.

"గ్యాసు అయిపోయిందమ్మా"

షెడ్డులో ఎక్కువగా వినిపించే మాట ఇది. పోయిన ఏడాది గ్యాసు కొట్టించారు. ఈ ఏడాది మళ్లీ అదే మాట.

కానీ ఏసీ గ్యాసు వంటగ్యాసులా ఖర్చయ్యేది కాదు. అది మండదు, అరగదు. తిరిగిన గ్యాసే మళ్లీ తిరుగుతుంది. పాత బండ్లలో రబ్బరు గొట్టాల గుండా ఏళ్ల మీద కాస్త కాస్త పోతుంది, నిజమే. ఒక్క ఏడాదిలో పూర్తిగా పోయిందంటే మాత్రం ఎక్కడో కంత ఉన్నట్టే. కంత మూయకుండా గ్యాసు కొడితే చిల్లికుండలో నీళ్లు పోసినట్టే. డబ్బు ఏటా పోతూనే ఉంటుంది.

కంత ఎక్కడుందో చూడడం కష్టమేమీ కాదు. గ్యాసుతో పాటు నూనె కూడా తిరుగుతుంది. గ్యాసు కారే చోట నూనె బయటికి వస్తుంది. దాని మీద దుమ్ము అంటుకుంటుంది. గొట్టాల అతుకుల దగ్గర నల్లగా, జిడ్డుగా ఉంటే అక్కడ అనుమానించాలి. మంచి మెకానిక్ ముందు గొట్టాల్లో నైట్రోజన్ గాలి నింపుతాడు. అతుకుల మీద సబ్బునురుగు రాస్తాడు. బుడగ లేస్తే కంత అక్కడే. "ముందు లీకు చూపించు బాబూ, తర్వాతే గ్యాసు కొట్టు" అని అడగండి. అడిగితే తప్పులేదు.

అసలు గ్యాసు దాకా పోకముందే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫ్యూజు కాలిందా? బెల్టు వదులైందా? కండెన్సర్ ముందు ఫ్యాను తిరుగుతోందా? కండెన్సర్ రేకుల మధ్య మట్టి, పురుగులు నిండాయా? ఇవి తక్కువ ఖర్చుతో పోయేవి. మట్టి పేరుకుంటే మెల్లగా నీళ్లు కొట్టి కడిగితే చాలు.

ఏ గ్యాసు పట్టే బండి?

పార్టు కొనే ముందు ఇది తేల్చుకోవాలి. పాత కాలం బండ్లలో ఆర్ 12 అనే గ్యాసు వాడేవారు. అది ఆకాశంలోని ఓజోన్ పొరను పాడు చేస్తుంది. ఓజోన్ పొర మనకి ఎండలోని చెడు కిరణాలు తగలకుండా కాపాడే గొడుగు లాంటిది. దాన్ని కాపాడాలని 1987లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. మన దేశం 1992లో అందులో చేరింది. 2010 నాటికి ఇలాంటి గ్యాసుల తయారీ మన దేశంలో ఆగిపోయింది. ఆర్ 12కి బదులుగా బండ్లలో వచ్చింది ఆర్ 134ఎ అనే గ్యాసు.

మీ బండి ఏ రకమో ఎలా తెలుస్తుంది? బానెట్ ఎత్తండి. లోపల ఒక చీటీ అతికించి ఉంటుంది. దాని మీద గ్యాసు పేరు, ఎన్ని గ్రాములు పట్టాలో రాసి ఉంటుంది. అక్షరాలు ఇంగ్లీషువే. అంకెలు మాత్రం మీరు నేర్చుకున్నవే. 12 అని ఉందా, 134 అని ఉందా చూడండి. చీటీ ఊడిపోతే గ్యాసు ఎక్కించే మూతి చూడాలి. ఆర్ 12 మూతికి మర ఉంటుంది. ఆర్ 134ఎ మూతికి గొట్టం తొడిగి నొక్కితే టక్కున పట్టుకుంటుంది.

పాత ఆర్ 12 బండిని 134ఎకి మార్చుకోవచ్చు. ఊరికే గ్యాసు మారిస్తే సరిపోదు. లోపలి నూనె కూడా వేరే. పాత నూనె కొత్త గ్యాసుతో కలవదు. నూనె తిరగకపోతే కంప్రెసర్ పట్టేస్తుంది. కాబట్టి పాత నూనె తీసేయాలి. కొత్త గ్యాసుకి సరిపడే నూనె పొయ్యాలి. రబ్బరు ఓరింగులు, డ్రైయర్ మార్చాలి. గ్యాసు కూడా తగ్గించి ఎక్కించాలి. పాతది పది పాళ్లు పట్టే చోట కొత్తది ఎనిమిదో తొమ్మిదో పాళ్లు చాలు. ఎక్కువ నింపితే ఎక్కువ చల్లదనం వస్తుందనుకోకండి. నిజానికి చల్లదనం తగ్గుతుంది. అందుకే కంటితో కాదు, త్రాసు మీద తూచి ఎక్కించమనాలి.

కొందరు డబ్బు మిగులుతుందని వంటగ్యాసు ఎక్కిస్తామంటారు. వద్దంటే వద్దు. డాష్‌బోర్డు లోపల అది కారితే కారులో నిండుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. లోపల కూర్చునేది మన పిల్లలు, మన బాడుగవాళ్లు.

పార్టు పేరు చెప్పడం కాదు, నంబరు చూపించడం

"ఇండికా కంప్రెసర్ ఇవ్వు" అంటే కొట్టువాడు ఏదో ఒకటి ఇస్తాడు. ఇంటికి తెస్తే అది పట్టదు. ఒకే పేరున్న బండికి పెట్రోలు ఇంజను వేరు, డీజిలు ఇంజను వేరు. ఏడాది మారితే పార్టు మారుతుంది.

అందుకే ఆర్‌సీ పుస్తకం గానీ కార్డు గానీ వెంట తీసుకెళ్లండి. అందులో బండి తయారైన నెల, ఏడాది ఉంటాయి. ఛాసిస్ నంబరు ఉంటుంది. కంపెనీ షోరూములో ఆ నంబరు చెబితే కంప్యూటరులో సరైన పార్టు నంబరు చూసి చెబుతారు. ఛాసిస్ నంబరు సాధారణంగా 17 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది. అందులో ఇంగ్లీషు 'ఓ', 'ఐ' అనే అక్షరాలు వాడరు. గుండ్రంగా కనిపిస్తే అది సున్నా. నిలువు గీతలా కనిపిస్తే అది ఒకటి. రాసుకునేటప్పుడు చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే తడబడతారు.

విప్పిన పాత పార్టును పారెయ్యనివ్వకండి. సంచిలో వేసుకుని కొట్టుకి తీసుకెళ్లండి. కంప్రెసర్ మీద ఒక చిన్న రేకు ఉంటుంది. తయారు చేసిన కంపెనీ పేరు, రకం దాని మీద ఉంటాయి. మారుతి బండ్లకి సుబ్రోస్ కంపెనీ ఏసీ సామాన్లు చేస్తుంది. అంబాసిడర్లకి విడిగా బిగించిన ఏసీల్లో వేరే కంపెనీలవీ ఉంటాయి. కొత్త దాన్ని పాత దాని పక్కన పెట్టి చూడండి. బిగించే చెవులు అదే చోట ఉన్నాయా? బెల్టు తిరిగే చక్రానికి ఎన్ని గాళ్లున్నాయి? గొట్టాల మూతులు ఎటు తిరిగి ఉన్నాయి? 12 వోల్టులదా, 24 వోల్టులదా? 24 వోల్టులది లారీలకి, బస్సులకి. కారుకి 12 కావాలి. గాళ్లు లెక్కపెట్టడానికి మెకానిక్కే అక్కర్లేదు.

ఎక్కడ దొరుకుతాయి?

ఓమ్నీ తయారీ 2019లో ఆగింది. ఇండికా 2018లో, అంబాసిడర్ 2014లో ఆగాయి. బండి ఆగినా కంపెనీలు కొన్నేళ్లు పార్టులు అమ్ముతాయి. తర్వాత ఒక్కొక్కటిగా మానేస్తాయి. కాబట్టి ముందు షోరూములో అడగాలి. లేదంటే స్పేర్ పార్టుల కొట్లకి వెళ్లాలి. విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణీగంజ్ ఇందుకు పేరుపడ్డాయి. చెన్నైలో పుదుపేట ఉంది. అక్కడ పాత బండ్లు విప్పి పార్టులు అమ్ముతారు.

పాత సామాను కొనవచ్చా? కొన్ని కొనవచ్చు. కంప్రెసర్ కొనవచ్చు, కానీ చూసి కొనాలి. ముందు భాగాన్ని చేత్తో తిప్పండి. మెత్తగా, సమంగా తిరగాలి. గరగరమంటే వద్దు. మూతుల్లోంచి కాస్త నూనె వంచి తెల్లగుడ్డ మీద పొయ్యండి. నల్లగా ఉన్నా, మెరిసే పొడి కనిపించినా అది లోపల అరిగిపోయినదే. గొట్టాల మూతులు తెరిచి ఎండకీ వానకీ పడేసిన కంప్రెసర్ జోలికి పోకండి.

డ్రైయర్ మాత్రం పాతది ఎప్పుడూ కొనకూడదు. దాని పని తేమ పీల్చడం. తెరిచి పెడితే గాలిలోని తేమంతా అప్పటికే పీల్చేస్తుంది. ఇక మన బండిలో ఏం పీలుస్తుంది? కొత్తదైనా మూతులకి బిరడాలు ఉండాలి. బిగించే నిమిషం దాకా వాటిని తియ్యకూడదు. ఓరింగులూ కొత్తవే కావాలి. అవి చవకే.

అరిగిపోయిన రబ్బరు గొట్టం దొరకలేదని దిగులు పడక్కర్లేదు. పాత గొట్టం చివర్లు తీసి, కొత్త గొట్టానికి నొక్కి బిగించే కొట్లు పెద్ద ఊళ్లలో ఉంటాయి. పాత బండ్లకి ఇది చాలా మంచి దారి. కండెన్సర్ కూడా కొలతలు చూసుకుని సరిపడేది వేయించవచ్చు.

ఇంకో మాట. కంప్రెసర్ లోపల విరిగి పాడైతే దాని ఇనుపపొడి గొట్టాలంతా వ్యాపిస్తుంది. లోపల కడగకుండా కొత్త కంప్రెసర్ పెడితే అది కూడా పాడవుతుంది. వేలకి వేలు పోసి కొన్నది నెలల్లో పోతే ఆ ఇంటి పరిస్థితేమిటి? "గొట్టాలు కడిగావా?" అని అడిగే ఆ ఒక్క ప్రశ్నకి అంత విలువ ఉంది.

బిల్లు

పార్టు డబ్బా మీద ఎమ్మార్పీ ఉంటుంది. పన్నులన్నీ కలిపిన ధర అది. అంతకంటే ఎక్కువ అడగకూడదు. బిల్లు మీద కొట్టు పేరు, తారీఖు, పార్టు నంబరు, జీఎస్టీ నంబరు ఉండాలి. గ్యారంటీ ఎన్ని నెలలో నోటితో చెబితే చాలదు. బిల్లు మీదే రాయించండి. మెకానిక్ కూలి వేరు, పార్టు ధర వేరు. రెండూ విడివిడిగా రాయమనండి.

గ్యారంటీ ఉన్నా మార్చి ఇవ్వకపోతే 1915 నంబరుకి ఫోను చెయ్యవచ్చు. అది వినియోగదారుల సహాయ కేంద్రం. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కొన్న వస్తువు విలువ 5 లక్షల రూపాయలు దాటకపోతే అక్కడ ఫీజు ఉండదు. బిల్లు లేకపోతే ఎక్కడికి వెళ్లినా మాట నిలవదు.

బండి ఇంటికి తెచ్చుకునే ముందు

పార్టులు బిగించాక గొట్టాల్లోని గాలిని, తేమని మిషనుతో లాగెయ్యాలి. దీన్ని వాక్యూమ్ అంటారు. కనీసం అరగంట పడుతుంది. తర్వాత మిషను ఆపి కాసేపు చూడాలి. ముల్లు కదలకుండా నిలబడితే లీకు లేనట్టు. తొందరలో ఈ పని ఎగ్గొడతారు. అరగంట అక్కడే కూర్చోండి.

మీరు మాత్రం గొట్టాల మూతులు విప్పవద్దు. పిల్లల్ని దగ్గరికి రానివ్వవద్దు. బయటికి చిమ్మే 134ఎ గ్యాసు మైనస్ 26 డిగ్రీల చల్లదనానికి పోతుంది. కంట్లో పడితే చూపు పోవచ్చు. చర్మం మీద పడితే కాలినట్టే అవుతుంది.

అంతా అయ్యాక బండిని పది నిమిషాలు నడిపి చూడండి. గాలి వచ్చే కంత దగ్గర చెయ్యి పెడితే చెయ్యి చల్లబడాలి. బండి ఆగిన చోట కింద నీటి చుక్కలు పడతాయి. అది చూసి "లీకు ఉందమ్మా, మళ్లీ విప్పాలి" అని ఎవరైనా అంటే నమ్మకండి. చల్లని చెంబు మీద చెమట పట్టినట్టే కాయిల్ మీద గాలిలోని తేమ నీరై కారుతుంది. అది ఉత్త నీరే.